దేవరకొండ – సాగర్ బ్యాక్‌వాటర్ సైకిల్ చుట్టు

దేవరకొండ – సాగర్ బ్యాక్‌వాటర్ చుట్టు నల్లగొండ జిల్లా నైరుతి మూలన ఉంది. గుట్టలు, చెలకలు, తండాల మీదుగా నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డుకు దిగి, మళ్లీ దేవరకొండకు ఎక్కి రాదగిన మౌంటెన్ బైక్ దారి ఇది. గుర్తులు నాటి, బోర్డులు పెట్టిన ట్రైల్ మాత్రం కాదు. దేవరకొండ, నేరెడుగొమ్ము, చందంపేట మండలాల తారు రోడ్లను, వాటి మధ్య ఉన్న మొరం దారులను, బండ్ల బాటలను కలుపుకుంటే ఏర్పడే చుట్టు. ఏ బాటను ఎంచుకుంటే దాన్ని బట్టి పొడవు మారుతుంది. ఒక్క పగటిలో పూర్తి చేయాలని పరుగు పెట్టే కన్నా రెండు రోజులకు విడగొట్టుకోవడం మేలు. పడమరగా సాగితే డిండి జలాశయం వస్తుంది, ఆ పక్కనే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నేల మొదలవుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలను విభజించాక ఆ వైపు ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లా కిందికి వచ్చింది.

మధ్యస్థం ఎందుకు

మౌంటెన్ బైకింగ్ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ కొండల్లో రూపు దిద్దుకుంది. పాత సైకిళ్లకు లావు టైర్లు తొడిగి మట్టి దారుల్లో కిందికి దూకించిన కుర్రాళ్లే దానికి ఆద్యులు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాల క్రీడ అయింది. అంతర్జాతీయంగా వాడే కొలమానాల్లో సగటు వాలు పది శాతం లోపు ఉండి, అక్కడక్కడ రాళ్లు అడ్డం తగిలే దారిని మధ్యస్థం అంటారు. దేవరకొండ చుట్టును స్థూలంగా ఈ తరగతిలో చేర్చవచ్చు. నిలువు కొండలు ఎక్కే పని లేదు, ప్రాణాల మీదికి తెచ్చే దూకుళ్లూ లేవు. ఇక్కడి కష్టమంతా నేలలోనూ ఎండలోనూ ఉంది. ఎత్తు అంకెలు మాత్రమే చూసి తేలిక దారి అనుకున్నవాళ్లను మధ్యాహ్నానికల్లా ఆ రెండూ కలిసి కుదేలు చేస్తాయి.

నేల

ఈ దారిని అర్థం చేసుకోవాలంటే ముందు రాయిని చూడాలి. దేవరకొండ చుట్టుపక్కల ఉన్నది దక్కను పీఠభూమి అడుగు రాయి, అంటే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దాని బంధువులైన నైస్ శిలలు. అది ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రని బండలుగా మిగులుతుంది. ఊడిన పొర పొడి అయి గరుసు ఇసుకగా, ఎర్ర చెలకగా మారుతుంది. వానాకాలం తొలి జల్లులకు ఈ ఎర్రమట్టి గట్టిపడి టైరుకు మంచి పట్టు ఇస్తుంది. ఎండాకాలంలో అదే నేల మీద సన్న గులక తేలి, మలుపుల్లో ముందు చక్రం జారుతుంది. వాగులు దాటే చోట దుబ్బ లోతుగా ఉంటే దిగి నడిపించక తప్పదు. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే ఇసుకలో పట్టు దొరుకుతుంది. అయితే మరీ తగ్గిస్తే బండ అంచు తగిలినప్పుడు రిమ్ముకు దెబ్బ తగులుతుంది.

చందంపేట వైపు దిగే కొద్దీ భూమి ముఖం మారిపోతుంది. గుండ్రని బండల స్థానంలో పైభాగం బల్లపరుపుగా, అంచులు నిట్టనిలువుగా ఉన్న గుట్టలు కనిపిస్తాయి. గ్రానైటు మీద చాలా కాలం తర్వాత పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ పలకలు ఇవి. నల్లమల కొండలున్న కడప శిలాక్షేత్రపు ఉత్తరపు కొస ఇక్కడే. గ్రానైటు, క్వార్ట్‌జైట్ కలిసే సరిహద్దులో యురేనియం ఖనిజం ఉందని అణు ఖనిజాల అన్వేషకులు గుర్తించారు. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల పేర్లు వార్తల్లోకి వచ్చింది అందుకే. 2003లో లంబాపూర్–పెద్దగట్టు గని ప్రతిపాదనపై బహిరంగ విచారణ జరిగినప్పుడు తీవ్ర వ్యతిరేకత వ్యక్తమైంది. సైకిలిస్టుకు ఈ సరిహద్దు వేరే రకంగా తెలుస్తుంది. దారి ఒక్కసారిగా నిటారవుతుంది, గుండ్రని గులక పోయి కోసుకుపోయే పలక ముక్కలు టైరు కిందికి వస్తాయి.

ముళ్ల సంగతి వేరే చెప్పాలి. చెలకల గట్ల మీద, చెరువు శిఖం భూముల్లో సర్కారు తుమ్మ దట్టంగా పెరిగి ఉంటుంది. దాని ముల్లు మామూలు టైరును సూటిగా గుచ్చి ట్యూబు దాకా పోతుంది. పంట కోసిన చేల దారిలో పల్లేరు కాయలు సరేసరి. ట్యూబు లేని టైర్లలో సీలెంట్ ద్రవం పోసుకుని వెళ్లడం ఇక్కడ కనీస జాగ్రత్త.

నీటి ఒడ్డు

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు వదిలారు. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 180 మీటర్ల ఎత్తు. దేవరకొండ పీఠభూమి దానికి బాగా పైన ఉంటుంది కాబట్టి ఒడ్డుకు పోయేటప్పుడు మొత్తం మీద దిగుడు, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు. తెల్లవారుజామున దిగి, నడి మధ్యాహ్నం ఆగి, చల్లబడ్డాక ఎక్కడమే తెలివైన పద్ధతి.

ఇక్కడ ఒడ్డు ఒకచోట నిలవదు. కృష్ణ వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నీరు లోయల్లోకి చొచ్చుకొచ్చి బండ్ల బాటలను ముంచేస్తుంది. ఎండాకాలం చివరికి నీరు చాలా దూరం వెనక్కి పోయి, నెర్రెలిచ్చిన ఒండ్రు బయటపడుతుంది. పైకి గట్టిగా కనిపించే ఈ ఒండ్రు పెంకు కింద బురద ఉంటుంది. అడ్డదారి అనుకుని దాని మీదికి సైకిల్ ఎక్కించకూడదు.

నేరెడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ ఈ చుట్టులో అందమైన మజిలీ. జలాశయం ఏర్పడ్డాక విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ మత్స్యకారుల ఊరు కనుక ఆ పేరు. సముద్రం మీద బతికిన కుటుంబాలు తెలంగాణ గుట్టల నడుమ కొత్త బతుకు కట్టుకున్నాయి. చేపల వంటకాలకూ పడవ విహారానికీ ఇప్పుడు హైదరాబాదు నుంచి జనం ఇక్కడికి వస్తున్నారు. ఇనుప యుగపు సమాధుల నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా ఆనవాళ్లున్న ఏలేశ్వరం ఈ జలాశయంలోనే మునిగింది. మునగక ముందే అక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి.

కోట, డిండి

దేవరకొండ కోట ఏడు గుట్టలను కలుపుతూ కట్టిన గిరిదుర్గం. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తర్వాత ఈ ప్రాంతం రేచర్ల పద్మనాయకుల చేతికి వచ్చింది. రాచకొండను అనపోతనాయకుడు, దేవరకొండను అతని తమ్ముడు మాదానాయకుడు పాలించారు. కోటలోకి సైకిల్ తీసుకెళ్లే వీలు లేదు, నడవాల్సిందే.

జడ్చర్ల, కల్వకుర్తి ప్రాంతాల్లో దుందుభి అని పిలిచే వాగే కిందికి వచ్చేసరికి డిండి అవుతుంది. దాని మీద నిజాం కాలం చివర్లో, 1940లలో కట్టిన జలాశయం హైదరాబాదు–శ్రీశైలం రహదారి పక్కనే ఉంది. 36 అడుగులు నిండితే అలుగు పారుతుంది. మంచి వానలు పడిన ఏడు ఆ దృశ్యం చూడటానికి పక్క మండలాల వాళ్లూ తరలివస్తారు.

తాగునీరు, కాలం, అనుమతులు

గ్రానైటు నేలల్లో లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఈ నీరు నల్లగొండ పల్లెల్లో తరాల తరబడి ఎముకలు వంచింది. ఫ్లోరైడ్ తొలగించే నాగపూర్ నీరి సంస్థ పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరే నిలిచింది. తర్వాత కృష్ణా జలాలు కుళాయిల ద్వారా ఊళ్లకు అందాయి. దారిలో చేతిపంపు నీటికి బదులు ఆ కుళాయి నీటితోనే సీసాలు నింపుకోవాలి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. అప్పుడు చేలల్లో పత్తి పగులుతుంది, తోటల్లో బత్తాయి ఉంటుంది, చలికాలం మొదట్లో సీతాఫలాల బుట్టలు రోడ్డెక్కుతాయి. మార్చి దాటాక ఉదయం పది తర్వాత తొక్కడం క్షేమం కాదు.

చుట్టుకు దక్షిణాన, పడమరన అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం ఉంది. విస్తీర్ణం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులోని బాటల్లోకి సైకిల్ మళ్లించకూడదు. శ్రీశైలం రహదారి మీద మన్ననూరు–దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు నిలిపేస్తారు. డిండి నుంచి దక్షిణానికి సాగాలనుకునేవాళ్లు ఆ వేళలు చూసుకుని బయల్దేరాలి.