ధర కాదు, వంపు చూడండి: బాస్ చేప గాలపుకర్ర కథ



మొన్న వరికోతలు ముగిశాక ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. విత్తనాల గూర్చో, దోమపోటు గూర్చో అడుగుతారనుకున్నాను. ఆయన కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకొని అసలు సంగతి బయటపెట్టారు.

"ఆఫీసరు గారూ, మావాడు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో వున్నాడు గదా. మనవడికి పదేళ్లు వచ్చాయి. బాస్ అనే చేపను పట్టడానికి వాడికి గాలపుకర్ర కావాలట. ధాన్యం డబ్బులోంచి నేనే కొనిపెడతానన్నాను. మంచిదయితే మూడువందల డాలర్లు అవుతుందని మావాడంటాడు. ఒక్క కర్రకు అంత పొయ్యాలా? మా నాయన వెదురుబొంగుతో కొర్రమీనులు పట్టలేదూ?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "బాబాయిగారూ, ఒక వారం గడువివ్వండి" అన్నాను. ఆ వారంలో చదివి తెలుసుకున్నదే ఈనాడు మీకు చెబుతున్నాను. ఇది అమెరికా కర్ర కథే అయినా, పనిముట్టు కొనే ప్రతివారికీ ఇందులో పనికివచ్చే మాట ఒకటి వున్నది.

ఆ చేప యెటువంటిది?

బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్ అని అందులో ముఖ్యమైన రకాలు రెండు. మన పండుగప్పను కూడా ఇంగ్లీషులో సీ బాస్ అంటారు గాని, ఈ రెండింటికీ చుట్టరికం లేదు. స్వభావంలో పోల్చదలిస్తే పెద్దనోటి బాస్‌ను మన కొర్రమీనుతోనే పోల్చాలి. నాచులోనో, తామరాకుల నీడనో, నీట పడిన చెట్టుకొమ్మల సందునో మాటు వేస్తుంది. కప్పనయినా, చేపపిల్లనయినా ఒక్క ఉదుటున మింగుతుంది. గాలం గుచ్చుకోగానే మళ్లీ ఆ నాచులోకే దూరాలని చూస్తుంది. గాలపుకర్ర ఇన్ని మార్పులు పొందడానికి ఈ స్వభావం పెద్ద కారణం.

మన వెదురు సముద్రాలు దాటిన రోజులు

పందొమ్మిదవ శతాబ్దం మొదట అమెరికాలో దొరలు వాడిన కర్రలు ఇంగ్లాండు వాడుకను అనుసరించినవి. పారే యేరులో ట్రౌట్ చేపకోసం పుట్టిన కర్రలవి. పొడవు పది పన్నెండు అడుగులు, ఒళ్లంతా మెత్తన. పేద రైతులు మాత్రం రీలు లేని వట్టి బొంగుకు దారం కట్టుకునేవారు. కెంటకీ రాష్ట్రంలో జార్జి స్నైడర్ అనే గడియారాల పనివాడు 1810-20 ప్రాంతంలో పళ్లచక్రాలు అమర్చిన రీలును తయారుచేశాడు. పిడి ఒక్కసారి తిప్పితే దారపుచక్రం చాలా చుట్లు తిరుగుతుంది. రీలు ఇలా బాగుపడింది గాని, కర్ర ఇంకా వెనుకబడే వున్నది.

పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊరిలో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్ అనే పనివాడు 1840లలో వెదురును బద్దలుగా చీల్చి, నునుపుగా చెక్కి, మళ్లీ అతికించి కర్ర చేశాడు. వున్న బొంగును చీల్చి మళ్లీ అతికించడం దేనికంటారా? వెదురు కోసినవారికి తెలుసు, బలమంతా పైపొరలోనే వుంటుంది. నారలు అక్కడ ఒత్తుగా వుండి, లోపలికి పోయినకొద్దీ పలచబడతాయి. పైపొర బద్దలను మాత్రమే కలిపి అతికిస్తే సన్ననిదీ, బలమైనదీ అయిన కర్ర వస్తుంది. అంతేకాదు, బద్దను యెక్కడ పలచగా చెక్కితే కర్ర అక్కడ వంగుతుంది. అనగా వంపు పనివాని చేతిలోకి వచ్చిందన్నమాట.

ఆ రోజులలో ఈ పనికి వాడిన బొంగును కలకత్తా వెదురు అనేవారు. అది మన దేశపు సరుకే. తరువాత చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు దాని స్థానాన్ని ఆక్రమించింది. 1870లలో హైరమ్ లియొనార్డ్ అనే ఆయన బద్దలు చెక్కడానికి యంత్రం అమర్చి, ఆరు పలకల కర్రలకు పేరు తెచ్చాడు. యంత్రం వచ్చినా చేతిపని తగ్గలేదు గనుక మంచి కర్ర కలవారి సొత్తుగానే మిగిలిపోయింది.

బాస్‌కు తగిన కర్ర

1881లో జేమ్స్ హెన్షల్ అనే వైద్యుడు బాస్ చేపమీదనే ఒక పెద్ద పుస్తకం వ్రాశాడు. పొడుగాటి ట్రౌట్ కర్ర ఈ చేపకు పనికిరాదని, ఎనిమిది అడుగుల పైచిలుకు పొట్టికర్ర చాలునని ఆయన వాదించాడు. మిషిగన్ రాష్ట్రంలో జేమ్స్ హెడ్డన్ అనే తేనెటీగల పెంపకందారు కొయ్యను కప్పరూపంలో చెక్కి ఎరగా వాడాడు. అటువంటి బరువైన ఎరను దూరంగా విసరాలంటే మెత్తని పొడుగుకర్ర మొరాయిస్తుంది. అందుచేత కర్రలు ఇంకా పొట్టివి, గట్టివి అయినాయి. 1887లో ఎవరెట్ హోర్టన్ అనే ఆయన ఉక్కుగొట్టపు కర్రకు పేటెంటు పొందాడు. చేప మారితే కర్ర మారింది, ఎర మారితే మళ్లీ మారింది. ఈ సంగతి మనసులో వుంచుకోండి.

దుక్కికి వీలులేని రోజున

ఇక మనవంటి ఒక రైతు కథ. 1932 జూన్ 2వ తేదీ. జార్జియా రాష్ట్రంలో జార్జి పెర్రీ అనే యిరవై యేళ్ల కుర్రవాడు. తండ్రి పోయాడు, ఇంటి బరువు అతని మీద పడింది. పైగా ఆర్థికమాంద్యపు రోజులు. ఆ వేళ వానపడి పొలం పనికి వీలులేదు. ఇంటికి కూరయినా దక్కుతుందని మిత్రునితో మాంట్‌గోమరీ సరస్సుకు పోయాడు. ఇద్దరికీ కలిపి వున్నది ఒక్కటే ఎర. ఆ ఒక్క ఎరకు 22 పౌన్ల 4 ఔన్సుల బాస్ పడింది. మన లెక్కలో పది కిలోల పైమాట. తూకం వేయించి, పత్రికవారి పోటీకి వివరం పంపి, చేపను ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. 2009లో జపానులోని బివా సరస్సులో దానికి సమానమైనది ఒకటి పడింది. అంతకు మించినదిగా రికార్డుకెక్కింది మాత్రం ఇంతవరకూ లేదు. చేప కర్ర ధర చూసి గాలానికి వస్తుందా?

చెరువు పొలానికి వచ్చింది

ఆ 1930లలోనే మరొక మార్పు కూడా వచ్చింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో పత్తి వేసివేసి భూములు కోసుకుపోయాయి. 1935లో యేర్పడిన భూసంరక్షణశాఖ రైతులచేత పొలాలలో చిన్న చెరువులు తవ్వించి, కట్టలు పోయించింది. పశువులకు నీరు దొరికింది, మట్టి నిలిచింది. ఆ నీటిలో చేపలు పెంచే పద్ధతిని అలబామాలోని ఆబర్న్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో హోమర్ స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. బ్లూగిల్ అనే చిన్న చేపను, దానిని తిని బతికే బాస్‌ను సరైన పాళ్లలో వదలాలన్నాడు. బాస్ మరీ తక్కువయితే బ్లూగిల్ కుప్పలుగా పెరిగి, యేదీ ఎదగదు. ఒత్తుగా మొలిచిన నారుమడివంటిదే. ఈ విధంగా బాస్ చేప రైతు గుమ్మం ముందుకు వచ్చింది. దానిని పట్టే కర్ర కూడా రైతుకు అందుబాటులోకి రావలసి వచ్చింది.

కర్ర చవకయిన విధం

1940ల మధ్యలో ఆర్థర్ హోవాల్డ్ అనే ఆయన గాజునారను జిగురులో తడిపి కర్ర చేశాడు. షేక్‌స్పియర్ కంపెనీవారు దానిని వండర్‌రాడ్ అనే పేరుతో బజారులోకి తెచ్చారు. 1950లో అమెరికా చైనాతో వర్తకం నిలిపివేయగా టోంకిన్ వెదురు రావడం ఆగిపోయింది. వెదురు కొరత గాజునారకు కలిసివచ్చింది. ఈ కర్ర వానకు నానదు, చెద పట్టదు, యంత్రంమీద వేలకువేలు చేయవచ్చు.

రీలు కథ కూడా ఇటువంటిదే. నూనెబావులకు పేలుడు సామాను చేసే ఓక్లహోమా కంపెనీ ఒకటి 1949లో జెబ్కో అనే మూతరీలును అమ్మకానికి పెట్టింది. దానిని కనిపెట్టినవాడు ఆర్.డి.హల్. కొట్టులో పొట్లాలు కట్టేటప్పుడు ఉండ కదలకుండానే దారం జారిరావడం చూసి ఆయనకు ఈ ఊహ తట్టిందని చెబుతారు. బొత్తాం నొక్కి విసిరితే చాలు, పిల్లలకు కూడా సులభం.

1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైటు కర్రను తెచ్చింది. అది కర్బననారతో చేసినది. తేలిక, చురుకు. చేప ఎరను ముట్టినా చేతికి తెలుస్తుంది. అయితే ధర హెచ్చు, దెబ్బకు ఓర్చదు. 1976లో గాజునారనూ గ్రాఫైటునూ కలిపి అగ్లీ స్టిక్ అనే మొండికర్ర వచ్చింది. చవకలో దొరికే ఈ మిశ్రమజాతి ఇప్పటికీ అమ్ముడవుతోంది.

వంపు అంటే యేమిటి?

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. అమెరికా కొట్టువారు దీనిని యాక్షన్ అంటారు. బరువు పడినప్పుడు కర్ర యెక్కడ వంగుతుందో తెలిపే మాట యిది.

ఒకటి, ఫాస్ట్. కొనవైపు మూడోవంతు మాత్రమే వంగుతుంది, తక్కినది ముల్లుగర్రలా నిలుస్తుంది. నాచులో, కొమ్మలలో ఒంటిముల్లు గాలం వేసేటప్పుడు ఇది కావాలి. లాగిన లాగు వెంటనే ముల్లుకు చేరుతుంది.

రెండు, మోడరేట్. సగందాకా వంగుతుంది. మూడుముళ్ల గాలాలు తగిలించిన కొయ్య ఎరలకు ఇది మంచిది. చేప ఎరను పూర్తిగా నోట పెట్టుకునే వ్యవధి ఇస్తుంది, గింజుకున్నప్పుడు నోరు చీలి ముల్లు జారకుండా కాస్తుంది.

మూడు, స్లో. గింజపట్టిన వరిదుబ్బులా మొదటిదాకా వంగుతుంది. తేలిక ఎరలకు, చిన్నచేపలకు సరిపోతుంది.

బలం వేరు, వంపు వేరు. కర్ర యెక్కడ వంగునో చెప్పేది వంపు. వంచడానికి యెంత బరువు కావాలో చెప్పేది బలం. బలాన్ని లైట్, మీడియం, హెవీ అని వ్రాస్తారు. పిడికి పైన యెంత బరువు ఎర, యెంత గట్టి దారం వాడాలో అచ్చువేసి వుంటుంది. అది చదవకుండా ధర చీటీ చదివేవారే మోసపోతారు.

కొట్టులో చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చులేదు. కర్రకు దారం ఎక్కించి, కొసను మరొకరిచేత మెల్లగా లాగించి, యెక్కడ వంగుతున్నదో చూడండి. పిడివైపు నుండి ఒంటికన్నుతో చూసి, దారపు వలయాలన్నీ ఒకే వరుసలో వున్నవో లేవో గమనించండి. ప్రతి వలయం లోపలా దూది తిప్పండి. పోగు చిక్కుకుంటే అక్కడ బీట వున్నట్లే, అది దారాన్ని కోస్తుంది. రీలు బిగించి, చేతికి కొనభారం అనిపిస్తున్నదేమో చూడండి.

పెద్దవారికి మొదటి కర్ర ఆరున్నర నుండి ఏడు అడుగులు, మీడియం బలం, ఫాస్ట్ వంపు అయితే చాలా పనులకు వస్తుంది. పదేళ్ల పిల్లవాడికి ఆరు అడుగుల లోపు, ఫాస్ట్‌కు మోడరేట్‌కు నడుమ వంపు, గాజునార కలిసిన కర్ర మేలు. పిల్లలు కర్రను కారు తలుపులో పెట్టి నొక్కుతారు గదా! "పిండికొద్దీ రొట్టె" అన్నమాట నిజమే. కాని ఆకలి యెంతో తెలియకుండా పిండి కలిపితే నష్టం మనకే. ఎక్కువ డబ్బుకు తేలికదనం, చురుకు వస్తాయి. నేర్చుకునేవానికి అవి ఇంకా అందవు.

పెద్దాయన ఎంపిక

వారం తరువాత పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన కొడుకుతో మాట్లాడి, కొట్టులో మూడు కర్రలను వంచి ఫోటోలు తీయించి తెప్పించారు. ఫోనులో నాకు చూపిస్తూ, "ఇదేమో ముల్లుగర్ర. ఇది వరిదుబ్బు. నడిమిది మావాడికి" అన్నారు. ఆ నడిమిదాని ధర యాభై డాలర్లకు లోపే. మూడువందలది ముల్లుగర్రగా తేలింది. మిగిలిన డబ్బు యేం చేస్తారని అడిగాను. "విమానం టిక్కెట్టులో కలుపుతా. సంక్రాంతికి వస్తే మన చెరువులో కొర్రమీనును నేను చూపిస్తా" అన్నారాయన.

చివరగా ఒక హెచ్చరిక. ఈ కథ విని బాస్ పిల్లలను మన చెరువులకు తెద్దామని యెవరూ తలపెట్టకండి. 1925లో జపానులో ఆషి సరస్సులో బాస్‌ను వదిలారు. అది దేశమంతా వ్యాపించి స్థానిక చేపలను తినివేయగా, 2005లో చట్టాన్ని అమలులోకి తెచ్చి దాని పెంపకాన్ని, రవాణాను కట్టడి చేయవలసి వచ్చింది. మన నీటికి మన కొర్రమీను వున్నది, అది చాలు.

స్ప్రేయరు కొన్నా, నాగలి కొన్నా, గాలపుకర్ర కొన్నా ముందు పని యేమిటో అడగండి. ఆ తరువాత పనిముట్టును చేతబట్టి చూడండి. ధర చీటీ ఆఖరున చదవండి. తోటి ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. రైతు అడిగినది మన శాఖది కాదని తిప్పి పంపకండి. వారం గడువు అడిగి తెలుసుకుంటే మనకూ జ్ఞానమే.