చికున్‌గున్యాకు క్లోరోక్విన్: ఒక చికిత్సాన్వేషణ చరిత్ర

2005 చివరిలో ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా రాయలసీమ జిల్లాల్లో, వైద్యులకు పరిచయంలేని జ్వరమొకటి కనిపించింది. జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గేది. కీళ్ళనొప్పులు మాత్రం వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి నిలిచిపోయేవి. మరుసటి ఏడాది దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. మరణాల లెక్కతో చూస్తే ఇది చిన్న వ్యాధి. పిడికిలి బిగించలేని కూలీకి, కలుపు తీయడానికి కూర్చుని మళ్ళీ లేవలేని స్త్రీకి అది చిన్న వ్యాధి కాదు. టాంగన్యికాలో 1952-53 నాటి వ్యాప్తి సమయంలో మకొండె ప్రజలు దీనికి పెట్టిన 'చికున్‌గున్యా' అన్న పేరు కూడా నొప్పితో వంగిపోవడాన్నే సూచిస్తుంది.

నిజానికి తెలుగు నేలకు ఈ జ్వరం కొత్తది కాదు. 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలలో ఇది వ్యాపించింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనిపించిన తరువాత సుమారు మూడు దశాబ్దాలు దాదాపుగా కనుమరుగైంది. ఆ విరామంలో ఒక తరం వైద్యులు ఈ రోగిని చూడకుండానే వృత్తిలోకి వచ్చారు. మందు కోసం వెతకవలసిన ఒత్తిడి కూడా ఎవరిమీదా పడలేదు. వ్యాధి తిరిగివచ్చేనాటికి దానికంటూ ప్రత్యేకమైన ఔషధం లేదు. అందరికీ తెలిసిన మలేరియా మాత్ర, క్లోరోక్విన్, మాత్రం అందుబాటులో ఉంది. మలేరియా మాత్ర ఒక వైరస్ వ్యాధికి మందుగా ఎలా పరిగణన పొందిందో, ఆ నమ్మకం ఏ పరీక్షల వద్ద వీగిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వాదాలు, ఒకే మాత్ర

క్లోరోక్విన్‌ను 1934లో జర్మనీలోని బేయర్ ప్రయోగశాలలో హాన్స్ ఆండర్‌సాగ్ తయారుచేశాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అది మలేరియాకు ప్రధాన ఔషధమైంది. కీళ్ళవాతంలో వాపును తగ్గించే గుణం కూడా దానికి ఉన్నట్టు క్రమంగా తేలింది. చికున్‌గున్యాకు దాన్ని వాడాలన్న ఆలోచన మొదట ఈ రెండవ దారి నుంచే వచ్చింది. దక్షిణాఫ్రికాలో బ్రైటన్ అనే వైద్యుడు దీర్ఘకాలిక కీళ్ళనొప్పులున్న 10 మంది రోగులకు క్లోరోక్విన్ ఇచ్చి, 1984లో ఫలితాలు ప్రకటించాడు. పోల్చి చూడడానికి మందు తీసుకోని రోగుల బృందం అందులో లేదు. రచయిత తన వ్యాసాన్ని ప్రాథమిక అధ్యయనమనే పేర్కొన్నాడు. తరువాతి కాలంలో దాన్ని ఉదహరించినవారిలో చాలామంది ఆ విశేషణాన్ని పట్టించుకోలేదు.

రెండవ వాదం ప్రయోగశాలలో పుట్టింది. 1980లో హైడెల్‌బర్గ్‌లో ఆరి హెలీనియస్, కై సైమన్స్ బృందం సెమ్లికీ ఫారెస్ట్ వైరస్ కణంలోకి ప్రవేశించే మార్గాన్ని వివరించింది. ఇది చికున్‌గున్యా వైరస్‌కు దగ్గరి బంధువు. కణం తన పొరతో ఒక సంచిని ఏర్పరచి వైరస్‌ను లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో ఆమ్లత పెరిగినప్పుడు వైరస్ పైపొరలోని ప్రోటీను రూపం మార్చుకుంటుంది. అప్పుడు వైరస్ పొర, సంచి పొర కలిసిపోయి జన్యుపదార్థం కణంలోకి చేరుతుంది. క్షారగుణం గల క్లోరోక్విన్ ఆ ఆమ్లతను తగ్గించి ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. ఆ పరిశోధకులకు క్లోరోక్విన్ ఒక పరికరం మాత్రమే, ఔషధం కాదు.

వాపును తగ్గించడం, వైరస్‌ను అడ్డుకోవడం అనేవి వేర్వేరు ప్రతిపాదనలు. వాటికి కావలసిన రుజువులు కూడా వేరు. 2006 నాటికి ఈ రెండూ కలగలిసిపోయాయని, ఒకదానిలోని లోటును మరొకటి కప్పిపుచ్చిందని నా అభిప్రాయం. రోగి దగ్గర రుజువు అడిగితే బ్రైటన్ అధ్యయనాన్ని, వైరస్ మీద రుజువు అడిగితే కణాల ప్రయోగాలను చూపవచ్చు. రెండు షరతులనూ ఒకేచోట తీర్చిన పరీక్ష అప్పటికి లేదు.

రీయూనియన్ నుంచి పూణే వరకు

అటువంటి పరీక్ష హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి ద్వీపం రీయూనియన్‌లో జరిగింది. 2005-06లో అక్కడ జనాభాలో సుమారు మూడోవంతుకు వ్యాధి సోకింది. జేవియర్ ద లాంబలరీ బృందం 54 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి క్లోరోక్విన్, మరొక భాగానికి మందు లేని మాత్ర ఇచ్చింది. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. వ్యాధి తొలిదశలో రెండు భాగాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకంటే కలవరపరిచే విషయం మరొకటి ఉంది. 200వ రోజున కీళ్ళనొప్పులున్నాయని చెప్పినవారు క్లోరోక్విన్ తీసుకున్నవారిలోనే ఎక్కువ. 54 చిన్న సంఖ్యే కనుక దీన్ని తుదితీర్పు అనలేము. అయినా తొలిదశలో క్లోరోక్విన్ వాడకాన్ని సమర్థించే ఆధారం ఇందులో ఏదీ లేదు.

దీని తరువాత కూడా ఆశ చావలేదు. 2010లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీరో కణాల్లో క్లోరోక్విన్ చికున్‌గున్యా వైరస్‌ను బలంగా అణచివేస్తుందని చూపించారు. ఆ ప్రయోగంలో తప్పేమీ లేదు. అయితే వీరో కణాలు ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి. వైరస్ రాకను పొరుగు కణాలకు తెలిపే ఇంటర్‌ఫెరాన్‌ను అవి తయారుచేయలేవు. అంటే రోగనిరోధక శక్తి లేని రంగస్థలం మీద మందు, వైరస్ మాత్రమే తలపడ్డాయి. శరీరంలో మూడో పాత్ర కూడా ఉంటుంది, ఆ పాత్రను క్లోరోక్విన్ నెమ్మదింపజేస్తుంది. 2018లో పియెర్ రోక్ బృందం కోతుల మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టం చేసింది. ముందుగానే క్లోరోక్విన్ ఇచ్చిన జంతువుల్లో రోగనిరోధక స్పందన ఆలస్యమై, వైరస్ తొలగిపోవడం మందగించింది. కీళ్ళవాతంలో మేలు చేసే గుణమే ఇక్కడ కీడుగా మారింది.

మిగిలింది మొదటి వాదం, అంటే దీర్ఘకాలిక నొప్పి. పూణేకు చెందిన అరవింద్ చోప్రా బృందం ఆ ప్రశ్నను విడిగా తీసుకుంది. చికున్‌గున్యా తరువాత నొప్పులు తగ్గని 70 మందిలో కొందరికి క్లోరోక్విన్, మరికొందరికి సాధారణ నొప్పి నివారిణి మెలాక్సికామ్ ఇచ్చి 24 వారాలు గమనించింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం రెండు బృందాలూ కోలుకున్నాయి. క్లోరోక్విన్‌కు అదనపు ప్రయోజనం కనబడలేదు. కాలంతోపాటు నొప్పి దానంతటదే తగ్గే వ్యాధిలో, పోలిక బృందం లేని 1984 నాటి మెరుగుదలను ఎలా చదవాలో ఈ పరీక్ష పరోక్షంగా చెప్పింది.

2020 ఆరంభంలో కోవిడ్‌కు క్లోరోక్విన్ పేరు వినిపించినప్పుడు, మొదటి ఆధారాలు మళ్ళీ వీరో కణాల నుంచే వచ్చాయి. ఆ మార్చిలోనే ఫ్రాంక్ టూరేతో కలిసి ఒక పరిశోధన పత్రికలో హెచ్చరిక వ్యాసం రాసి, చికున్‌గున్యా అనుభవాన్ని గుర్తుచేసినవాడు రీయూనియన్ పరీక్షను నడిపిన ద లాంబలరీయే.