రెండో దోమ

ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా గుట్టు పట్టుకుని 2025 నాటికి 128 ఏళ్లు. ఏ నూట పాతికో, నూట యాభయ్యో అయితే సభ పెట్టి శాలువాలు కప్పుకునేవాళ్లం. 128కి ఎవరూ శాలువా కప్పరు. అయినా ఆ ఏడాది రాస్ కథ చెప్పుకోవడానికి ఓ సాకు దొరికింది. 2025 మే నెలలో హైదరాబాద్‌లోని మన నీలోఫర్ ఆస్పత్రిలో, క్విక్ వైటల్స్ అనే సంస్థ రూపొందించిన పరీక్ష ఒకటి మొదలైంది. సూది లేదు, దూది లేదు. ఫోన్ కెమెరాకు మొహం చూపిస్తే నిమిషంలోపు బీపీ, ఆక్సిజన్ మొదలుకొని హిమోగ్లోబిన్ దాకా చెప్పేస్తుందట. దోమకో అణా ఇచ్చి మరీ నెత్తురు సంపాదించిన ఊళ్లో ఇప్పుడు చుక్క కూడా అక్కర్లేదంటున్నారు.

రాస్‌కు ముందున్న శతాబ్దాలను నాలుగు మాటల్లో దాటేయొచ్చు. వైద్యులు నాడి పట్టారు, హకీములు నబ్జ్ చూశారు. మూత్రానికి చీమలు పడితే మధుమేహమని మన పాత వైద్యానికి తెలుసు. నెత్తురు పరీక్ష మాత్రం అలవాటులో లేదు. అది చెడిందనుకుంటే జలగలు పట్టించి తీసేయడమే. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి నెత్తుట్లో మెసిలే పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. మలేరియా విషయంలో చుక్క నెత్తురుకు విలువ వచ్చింది అప్పటినుంచే.

ఇక రాస్ దగ్గర కాసేపు కూర్చోవాలి. హుస్సేన్ సాగర్‌కు ఈ దిక్కున మన చిక్కడపల్లి, అశోక్ నగర్. ఆ దిక్కున బేగంపేట. పాత విమానాశ్రయం పక్కన ఇప్పటికీ నిలిచి ఉన్న భవనంలో 1897 వానాకాలం ఆయన గడిపాడు. అల్మోరాలో పుట్టిన దొర, పటాలం డాక్టరు. మనసంతా కవిత్వం మీద, గణితం మీద. రోగుల వేళ్లు గుచ్చి నెత్తురు చూడటం, వాళ్లను కుట్టిన దోమలను కోసి చూడటం, ఏమీ కనబడక తిట్టుకోవడం, ఇదే దినచర్య. ఉక్కపోతకు నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఉన్న ఒక్క కంటికటకం పగిలింది. పంకా వేయించుకుందామంటే, కోసి పెట్టిన దోమ ఆ గాలికి ఎగిరిపోతుంది.

ఆగస్టు నడిమధ్యలో పనివాడొకడు కొత్తరకం దోమ పిల్లలను పట్టుకొచ్చాడు. అవి దోమలయ్యాక చూస్తే గోధుమరంగు ఒళ్లు, మచ్చల రెక్కలు. అప్పుడు రంగంలోకి దిగినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. ఒక్కో దోమ కాటుకు ఒక్కో అణా చొప్పున బేరం. దోమతెరలో పడుకుని ఆ దోమలన్నిటికీ నెత్తురు తాగించాడు. వైద్య చరిత్రలో రాస్ పేరుకు పక్కన నోబెల్ ఉంది, హుస్సేన్ ఖాన్ పేరుకు పక్కన అణాలున్నాయి. నాకు ఆయన మీదే మక్కువ ఎక్కువ. ఒంట్లో మలేరియా పెట్టుకుని, కదలకుండా కుట్టించుకున్నవాడు లేకపోతే ఆ పరిశోధనే లేదు.

20వ తేదీ మధ్యాహ్నం, కళ్లు మూతలు పడుతుండగా, ఒక దోమ పొట్ట గోడలో రాస్‌కు గుండ్రటి కణం కనిపించింది. అందులో నల్లటి చుక్కలు. మలేరియా రోగి నెత్తుట్లో కనిపించే రంగే అది. ఎవరైనా అక్కడికక్కడే తంతి కొట్టించేవారు. రాస్ కొట్టించలేదు. మర్నాడు, ఆ మందలో మిగిలిన చివరి దోమను కోశాడు. కణాలు మళ్లీ ఉన్నాయి, నిన్నటికన్నా పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే ప్రాణం ఉన్నట్టే. అప్పుడు గానీ నమ్మలేదు. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఈలోగా దొరగారిని సర్కారు మలేరియా పెద్దగా లేని రాజపుత్ర ప్రాంతానికి బదిలీ చేసింది. ప్రభుత్వోద్యోగులకు ఇందులో వింతేమీ కనిపించదు. మిగతా పని కలకత్తాలో పిచ్చుకల మీద పూర్తిచేసి, 1902లో నోబెల్ అందుకున్నాడు. లోకం ఇరవయ్యో తేదీని గుర్తుపెట్టుకుంది. నిజానికి గుర్తుపెట్టుకోవాల్సింది ఇరవై ఒకటి, ఆ రెండో దోమను కోసిన రోజు.

ఆ తర్వాతి దశాబ్దాలు గబగబా నడుస్తాయి. 1925లో హార్వర్డ్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతి ప్రకటించారు. రక్తంలో భాస్వరం లెక్క తేల్చడానికి ప్రయోగశాలలు దాన్ని దశాబ్దాల పాటు వాడాయి. దేశంలో 1953లో మలేరియా నియంత్రణ, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. మలేరియా వర్కర్లు ఇంటింటికీ తిరిగి, జ్వరమన్నవాళ్ల వేలు గుచ్చి, గాజు పలక మీద నెత్తురు పూసి, నాలుగు క్లోరోక్విన్ మాత్రలు చేతిలో పెట్టి, గోడ మీద తేదీ రాసి వెళ్లేవారు. ఇంటి గుమ్మంలోకి రక్తపరీక్షను తెచ్చింది ఏ అంకుర సంస్థో కాదు, భుజానికి సంచీ వేసుకున్న ఆ ఉద్యోగి. ఫలితం వచ్చేసరికి రోగి జ్వరం తగ్గి పనికి వెళ్లిపోయి ఉండేవాడన్నది వేరే సంగతి.

మన పేటలకు వస్తే, పరీక్ష అంటే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అంటే ఐపీఎం. పాతకాపులకు ఆ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కుక్కకాటు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. తర్వాతే రక్తనిధి, ప్రయోగశాల. 1981లో హైదరాబాద్‌లోనే విజయా డయాగ్నొస్టిక్స్ పుట్టింది. ఆస్పత్రిలో చేరకుండానే పరీక్ష చేయించుకోవడం మధ్యతరగతికి అలవాటైంది. అప్పటిదాకా చాలామందికి షుగర్ పరీక్ష అంటే పరీక్షనాళికలో మూత్రానికి బెనెడిక్ట్ ద్రావణం కలిపి మరిగించడమే. నీలం ఉంటే నిశ్చింత, ఇటుకరంగు వస్తే జిలేబీ బంద్. అమెరికాలో 1970లో వచ్చిన తొలి గ్లూకోమీటర్ కిలోకు పైగా బరువు తూగేది. ఇప్పుడది చొక్కా జేబులో పడుతుంది.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. ఇందిరా పార్కు వాకర్ల చేతుల్లో గ్లూకోమీటర్లు. తెల్లారకముందే ఖాళీ కడుపుతో ఉన్నవారి శాంపిల్ కోసం కాలింగ్ బెల్ కొట్టే బైకు కుర్రాళ్లు. 2018లో అదే ఐపీఎంలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం వచ్చింది. బస్తీ దవాఖానాల్లో తీసిన నమూనాలు పెట్టెల్లో నారాయణగూడ చేరతాయి, రిపోర్టులు ఫోన్లకు వెళ్తాయి, పైసా ఖర్చు లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో ఊపిరి పోసుకున్న బ్లూసెమీ సంస్థ, వేలు గుచ్చకుండా తాకితే చాలు నిమిషంలో గ్లూకోజు సహా ఆరు కొలతలు చెబుతుందంటూ ఎయ్‌వా అనే పరికరం తెచ్చింది. ఇప్పుడు నీలోఫర్‌లో మొహం చూసి చెప్పే పరీక్ష.

అమెరికాలోనూ ఇలాంటి ఆశే ఒకటి పుట్టింది. 2003లో పంతొమ్మిదేళ్ల ఎలిజబెత్ హోమ్స్ థెరానోస్ పెట్టి, వేలి చుక్కతో రెండు వందలకు పైగా పరీక్షలన్నది. కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లకు చేరింది. 2015లో వాల్ స్ట్రీట్ జర్నల్ తవ్వితే తేలిందేమిటంటే, చాలా పరీక్షలు మామూలు కంపెనీల యంత్రాల మీదే చేస్తున్నారు. 2022లో ఆమెకు జైలుశిక్ష పడింది. వేలిని నొక్కి తీసిన చుక్కలో కణజాల ద్రవం కలుస్తుంది, ఎర్రకణాలు పగిలి పొటాషియం లెక్క పెరుగుతుంది. గ్లూకోజుకు ఆ చుక్క చాలు, అన్నిటికీ చాలదు. థెరానోస్ దగ్గర మొదటి దోమ కథలు బోలెడున్నాయి. రెండోది కోసి చూపమంటే వ్యాపార రహస్యమన్నారు.

మన సంస్థలను ఆ గాటన కట్టడం న్యాయం కాదు. కానీ అడగాల్సిన ప్రశ్న అదే. చర్మం రంగులో గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే సూక్ష్మమైన మార్పును కెమెరా పట్టగలదు, కాబట్టి నాడి లెక్క నమ్మొచ్చు. హిమోగ్లోబిన్ లెక్క మాత్రం కొలత కాదు, కంప్యూటర్ అంచనా. చర్మం గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అదే మనుషుల మీద, అదే రోజు, సిర నుంచి తీసిన రక్తంతో సరిపోల్చిన లెక్కలు బయటపెట్టినవాళ్లదే రెండో దోమ. అవి చూపేదాకా అంకె కనిపించగానే మందు మార్చుకోకూడదు.

ఈలోగా వానాకాలం. హుస్సేన్ సాగర్ నాలా అశోక్ నగర్‌ను ఒరుసుకుంటూ పారుతోంది. దోమలకు లోటు లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్లు కరెంట్ అఫైర్స్ మధ్యలో జ్వరపడిన రూమ్మేటు ప్లేట్‌లెట్లు ఎన్నో ఫోన్లో కనుక్కుంటున్నారు. వాటి లెక్కకు నమ్మదగిన దారి ఇప్పటికీ సూదే. జ్వరం మూడో రోజుకూ దిగకపోతే కెమెరా ముందు నవ్వడం మానేసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, డాక్టరు చెప్పిన చోట కూర్చోవడం మంచిది.