రోగ నిర్ధారణ పరీక్షల కచ్చితత్వం: విశ్వాస అంతరాల చరిత్ర

రోగ నిర్ధారణ పరీక్షను కొద్దిమందిపైనే చేసి చూస్తాం. దాని అసలు కచ్చితత్వం ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెప్పే రెండు హద్దులే విశ్వాస అంతరం. జబ్బు ఉన్నవారిలో పరీక్ష ఎందరిని పట్టుకుంటుందో అది సెన్సిటివిటీ. లేనివారిలో ఎందరికి లేదని సరిగా చెబుతుందో అది స్పెసిఫిసిటీ. ఛాతీ ఎక్స్‌రే పద్ధతులను బేరీజు వేస్తూ జేకబ్ యెరుషల్మీ 1947లో రాసిన వ్యాసంతో ఈ కొలతలు వైద్యంలో స్థిరపడ్డాయి.

హద్దులు కట్టే గణితం అంతకన్నా పాతది. లాప్లాస్ కాలం నుంచి వాడుకలో ఉన్న సూత్రం, వచ్చిన నిష్పత్తికి అటూ ఇటూ 1.96 రెట్ల ప్రామాణిక దోషాన్ని (నమూనా మారితే ఫలితం ఎంత ఊగుతుందో చెప్పే కొలతను) చేరుస్తుంది. నంద్యాల జిల్లా వెలుగోడు లాంటి ఊళ్లో, క్షయ ఉందని తేలిన 20 మందికి కొత్త కిట్‌తో పరీక్ష చేస్తే అందరికీ పాజిటివ్ వచ్చిందనుకుందాం. ఇక్కడ ప్రామాణిక దోషం సున్నా అవుతుంది కాబట్టి, రెండు హద్దులూ 100 శాతమేనంటుంది ఆ సూత్రం. ఇది ప్రమాదకరమైన భరోసా. ఇరవై ఒకటో రోగిని ఆ కిట్ వదిలేయవచ్చు, అతను మందుల్లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన పద్ధతిలో కింది హద్దు 83.9 శాతం. 1934లో క్లాపర్, పియర్సన్ ఇచ్చిన పద్ధతిలో 83.2 శాతం. విశ్వాస అంతరాలకు సిద్ధాంతం కట్టిన యెర్జీ నేమన్ కృషీ ఆ దశాబ్దంలోనిదే.

విల్సన్ ఆలోచనకు విస్తృత రూపం తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు చేతుల్లో వచ్చింది. ఆయన 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష అనే గణాంక పద్ధతి ఎన్నో పరామితులకు ఒకేసారి వర్తిస్తుంది. ఒక్క నిష్పత్తికి దాన్ని వాడి, అది తోసిపుచ్చని విలువలన్నిటినీ ఏరితే మిగిలేది విల్సన్ అంతరమే.

వైద్య పత్రికలు ఆలస్యంగా మేలుకున్నాయి. నమూనా పెద్దదైనా పాత సూత్రం తప్పుదారి పట్టించగలదని 2001లో బ్రౌన్, కై, దాస్‌గుప్తా చూపారు. కచ్చితత్వంతో పాటు అంతరమూ ప్రకటించాలని రోగ నిర్ధారణ అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే 2003 నాటి స్టార్డ్ నియమావళి కోరింది.

అంతరం లెక్కించేది యాదృచ్ఛికతను మాత్రమే. 2020 జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతించిన కోవిడ్ యాంటిజెన్ కిట్‌కు రెండు మూల్యాంకనాల్లో సెన్సిటివిటీ 50.6 శాతం, 84 శాతంగా తేలింది. రోగిలోని వైరస్ మోతాదును బట్టి ఫలితం మారుతుందని ఆ సంస్థే చెప్పింది. ఎవరిని పరీక్షించామన్న ప్రశ్నకు ఏ సూత్రమూ బదులివ్వదు. ఎందరినన్న ప్రశ్నకు మాత్రం లెక్క ఉంది: పరీక్షించిన రోగులందరికీ పాజిటివ్ వచ్చినా, విల్సన్ పద్ధతిలో కింది హద్దు 95 శాతానికి చేరాలంటే కనీసం 73 మంది కావాలి.