ఒకే టపా, పలు సభలు

ఒకే మాటను నాలుగు సభలలో చెప్పినప్పుడు, నాలుగింటిలోనూ కూర్చున్నవాడికి అది నాలుగుసార్లు వినబడవలసిందేనా? నేటి వికేంద్రిత చర్చావేదికలు తలపట్టుకుంటున్న ఈ ప్రశ్నకు నలభయ్యేళ్ళు పైబడిన చరిత్ర ఉంది.

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్‌ల ఆలోచనగా పుట్టి, 1980లో వాడుకలోకి వచ్చిన యూజ్‌నెట్‌కు కేంద్రమంటూ లేదు. ప్రతి కంప్యూటరూ తన పొరుగు కంప్యూటర్లకు టపాలు అందించేది. ఒకే టపా రెండు దారుల్లో వచ్చి చేరడం మామూలే కనుక, ఒక్కొక్క టపాకు మరి దేనికీ లేని గుర్తింపునిచ్చారు. అది ముందే చేరివుంటే రెండవ ప్రతిని తోసిపుచ్చేవారు.

పలు గుంపులకు రాయదలచినవారు ఆ పేర్లన్నీ టపా శీర్షభాగంలో వరుసగా పేర్కొనేవారు. ప్రతి మాత్రం ఒక్కటే. లారీ వాల్ 1984లో రాసిన ఆర్ఎన్ వంటి సాఫ్ట్‌వేర్లలో, ఒక గుంపులో చదివిన టపా తక్కిన గుంపులలోనూ చదివినట్టే నమోదయ్యేది.

ఈ మర్యాద విలువ 1994 ఏప్రిల్ 12న అందరికీ తెలిసివచ్చింది. ఆరిజోనాకు చెందిన న్యాయవాద దంపతులు క్యాంటర్, సీగెల్ తమ గ్రీన్‌కార్డు ప్రకటనను వేల గుంపులకు విడివిడి ప్రతులుగా పంపారు. ఎన్ని గుంపులు తెరిస్తే అన్నిసార్లు అదే దర్శనమిచ్చింది! ఇటువంటి బెడదను కొలవడానికి వాడుకలోకి వచ్చిన బ్రైడ్‌బార్ట్ సూచికలో, ఒక్కో ప్రతి చేరిన గుంపుల సంఖ్యకు వర్గమూలం కట్టి, వాటిని కూడుతారు. ఒకే ప్రతి 9 గుంపులకు వెళితే సూచిక 3. 9 విడి ప్రతులైతే 9.

అయితే ఒకే ప్రతికీ ఒక చిక్కుంది. దానికిచ్చే జవాబు కూడా సాధారణంగా అన్ని గుంపులకూ పోయేది. ఒక గుంపు మర్యాద మరొక గుంపుకు తెలియదు, తగవులు ముదిరేవి. జవాబులను ఒకే గుంపుకు మళ్ళించే వీలున్నా, అది రాసేవారి విచక్షణకే వదిలేశారు.

2019లో మొదలైన లెమ్మీ ఇందుకు ఎదురు కొసన నిలిచింది. అక్కడ ఒకే లంకెను రెండు సముదాయాలలో పెడితే అవి రెండు టపాలు, రెండు వ్యాఖ్యల వరుసలు. తోబుట్టువుల లంకెలు టపా కింద చూపినా, జాబితాలో అదే శీర్షిక మళ్ళీమళ్ళీ ఎదురుపడవచ్చు.

ఈ రెండు అనుభవాలనూ కలిపి చూస్తే దారి కనబడుతుంది. జాబితాలో టపా ఒక్కసారే కనబడాలి. దాని కిందనే ఏయే సముదాయాలలో చర్చ సాగుతున్నదో పేరుపేరునా చూపాలి. వ్యాఖ్యలను మాత్రం కలగాపులగం చేయరాదు. 1990లలో రోమన్ లిపిలో తెలుగు రాసుకున్న సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు వంటి చిన్న గుంపును తలచుకోండి. పెద్ద గుంపుల చర్చలో కలిపేస్తే దాని గొంతు వినబడేదేనా? ఒకే హరికథను నాలుగు ఊళ్ళలో చెప్పినా, ఏ ఊరి సభ ఆ ఊరిదే. చదువరి సమయాన్ని కాపాడే తొందరలో సభలను చెరిపేయకూడదని నా అభిప్రాయం. మీరేమంటారు?