జంగ్ జాయజేనా?

యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ దేశంలో ముస్లిముకి ఒక పరీక్ష పెడతారు. 1965లో పెట్టారు. 1971లో పెట్టారు. 1999లో కార్గిల్ అప్పుడూ పెట్టారు. ప్రశ్న ఒకటే: నువ్వెవరి వైపు? జవాబుగా మనం బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు చెబుతాం, అబ్దుల్ హమీద్ పేరు చెబుతాం. ఒకరు 1948లో కాశ్మీరులో, మరొకరు 1965లో పంజాబులో ఈ దేశం కోసం ప్రాణాలిచ్చారు. అలాంటివాళ్ళ పేర్లను గుర్తింపు కార్డులా జేబులోంచి తీసి చూపించుకోవలసి రావడం మన దుస్థితి. ఈ పరీక్ష రాసే తొందరలో మనం అడగడం మానేసిన ప్రశ్న ఇంకొకటుంది. అసలీ యుద్ధం న్యాయమేనా? మన ఇళ్ళల్లో మాటల్లో చెప్పాలంటే, జంగ్ జాయజేనా?

ఇతరులు అడిగితే అది అభిప్రాయం. మనం అడిగితే అనుమానం. అందుకే మన పెద్దలు రేడియోలో యుద్ధ వార్తలు వింటూ కూడా పెదవి విప్పేవాళ్ళు కాదు. కానీ ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. దక్కన్‌లో దాని వయసు మూడు వందల ఏళ్ళు దాటింది. అది నడిచిన దారిలో మన కర్నూలు జిల్లా పడమటి సీమ కూడా ఉంది.

తుంగభద్ర ఒడ్డు మండలమైన సి.బెళగల్ నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని దాకా ఉన్న ఈ నేలని సైన్యాలు తొక్కినంతగా వానలు తడపలేదు. ఆదోని కొండకోట మొదట విజయనగరానిది. 1565 యుద్ధం తర్వాత కొద్ది ఏళ్ళకే బిజాపూర్ ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. నూరేళ్ళు గడిచాక ఆ బిజాపూర్ మీదికే ఔరంగజేబు ఢిల్లీ నుంచి దండెత్తి వచ్చాడు.

అప్పుడు పాదుషా దగ్గర ప్రధాన ఖాజీగా ఉన్నాయన పేరు షేకుల్ ఇస్లాం. బిజాపూర్, గోల్కొండల మీద యుద్ధం షరియత్ ప్రకారం సబబేనా అని పాదుషా ఆయన్ని అడిగాడు. సబబు కాదన్నాడు ఖాజీ. అవి ముస్లిం రాజ్యాలు, వాటి మీద కత్తి ఎత్తడానికి ధర్మం ఒప్పుకోదన్నాడు. పాదుషాకి కావలసిన జవాబు అది కాదు. ఖాజీ పదవి వదులుకుని మక్కా దారి పట్టాడు. ఆ కుర్చీలో మరొకరు కూర్చున్నారు. యుద్ధం ఆగలేదు. బిజాపూర్ ముట్టడిలో ఉండగా అక్కడి ఉలేమాలు కూడా పాదుషా డేరాకు వెళ్ళి, తోటి ముస్లింల మీద ఈ జంగ్ ఏమిటని నిలదీశారని చరిత్రకారులు రాశారు. మీరు శంభాజీకి ఆశ్రయమిస్తున్నారు, అందుకే వచ్చానన్నాడట ఆయన. యుద్ధానికి కారణం దొరకని పాదుషా ఎప్పుడైనా ఉన్నాడా?

1686లో బిజాపూర్ పడిపోయింది. 1687లో గోల్కొండ పడిపోయింది. 1688లో ఆదోని వంతు వచ్చింది. ఆదోనిని ఏలుతున్న సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్న నల్లజాతి ముస్లిం. ఆదోని షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. ముట్టడి వేసిన మొగల్ సేనాని ఫిరోజ్ జంగ్ కూడా ముస్లిమే. ఆదోనిలో చెప్పుకునే కథ ఒకటుంది. కోట ఎంతకీ లొంగకపోతే మొగలులు ఫిరంగులను మసీదు వైపు తిప్పారట. తన ప్రాణం పోయినా సరేగాని మసీదు రాయి కదలకూడదని మసూద్ ఖాన్ కోట అప్పగించాడట. అందులో నిజమెంతో, జనం కల్పించుకున్నదెంతో ఎవరికి తెలుసు? కానీ ఆ కథ చెప్పుకున్న జనం ఎవరి పక్షాన ఉన్నారో మాత్రం తెలుస్తూనే ఉంది. ఔరంగజేబు యుద్ధాలన్నీ ఇస్లాం కోసం జరిగాయని తిట్టేవాళ్ళూ, అవునని మురిసిపోయేవాళ్ళూ ఒకసారి ఆదోనికి వచ్చి ఆ మసీదు ముందు నిలబడి ఆ కథ వినాలి.

మరో నూరేళ్ళకు, 1786లో, అదే కోటను టిపు సుల్తాన్ ముట్టడించాడు. లోపల ఉన్నది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కుటుంబం. వాళ్ళను విడిపించడానికి నిజాం సైన్యంతో కలిసి మరాఠాలు వచ్చారు. తుంగభద్ర పొంగితే వెనక్కి దారి ఉండదని ఆ కుటుంబాన్ని తీసుకుని గబగబా నది దాటి వెళ్ళిపోయారు. టిపు కోట గోడలు కూలగొట్టించాడు. ఆ ఊరి జనాన్ని నది దాటించడానికి ఎవరూ రాలేదు. చివరికి 1800లో తనకు కాపలా కాసే ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద నిజాం ఈ సీమనంతా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అలా వచ్చింది. ఒక ప్రాంతం ప్రాంతమే సైనికుల జీతాల పద్దులోకి పోయింది. రైతునూ, సాలెనూ, మాలమాదిగలనూ, దూదేకులనూ అడిగిందెవరు?

అడగకపోయినా జనానికి ఒక అభిప్రాయం ఉంటుంది. అది ఏ దర్బారు కాగితంలోనూ దొరకదు. మా సీమ పల్లెల్లో పీర్ల పండుగ చూడండి. ముస్లిం ఇల్లు ఒకటో రెండో ఉన్న ఊళ్ళో కూడా పీర్లు లేస్తాయి. హిందువులు మొక్కుకుంటారు, గుండం తొక్కుతారు. కర్బలాలో గెలిచినవాడి పేరు మీద అక్కడ ఏ పీరూ లేవదు. నీళ్ళు అందక, దాహంతో చచ్చిపోయినవాళ్ళ పక్షాన ఊరంతా గుండెలు బాదుకుంటుంది. కరువు సీమ జనానికి దాహం అంటే ఏమిటో తెలుసు. యుద్ధం మీద వాళ్ళ తీర్పు అదే.

ఇక ఖాజీ జవాబు దగ్గరికి మళ్ళీ వద్దాం. అది ధైర్యమైన జవాబే. కానీ అందులో ఒక లోటుంది. ముస్లింల మీద యుద్ధం తప్పన్నాడు. మరి ఇతరుల మీద అయితే? ఎవరి మీద అన్నదాన్ని బట్టి న్యాయం మారుతుందా? ఆ లోటు పూడటానికి 1921 దాకా ఆగవలసి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వాళ్ళు మన సిపాయిలను, అందులో ముస్లింలను కూడా, టర్కీ మీదికి నడిపించారు. 1921 జులైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ సభ, బ్రిటిషు సైన్యంలో కొనసాగడం ముస్లింకి హరాం అని తీర్మానించింది. ఆ నేరానికే మౌలానా మహమ్మదలీని అరెస్టు చేశారు. ఎక్కడ? మన వాల్తేరు రైల్వే స్టేషన్లో, 1921 సెప్టెంబరు 14న. గాంధీజీతో కలిసి మద్రాసు వెళ్తున్న ప్రయాణంలో. కరాచీ కోర్టు బోనులో అలీ సోదరులతో పాటు ఒక శంకరాచార్యులు కూడా నిలబడ్డారు. ఆయన్ని వదిలిపెట్టి మిగతావాళ్ళకు రెండేళ్ళ శిక్ష వేశారు.

ఆ అరెస్టు తర్వాత ఆ నెలాఖరులో గాంధీజీ కర్నూలు, బళ్ళారి మీదుగా తిరిగారు. ఆదోని అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అక్టోబరు మొదట్లో బొంబాయిలో ఆయనా, మరి కొందరు నాయకులూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. ఈ ప్రభుత్వం కింద సైన్యంలో పనిచేయడం తగునా కాదా అని చెప్పే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందన్నారు. ముస్లింకి హరాం అన్న మాట ఇక్కడ అందరి హక్కు అయింది. ఖాజీ ప్రశ్న మసీదు గడప దాటి బజారులోకొచ్చింది. ఆ రోజు ఆ ప్రశ్న అడిగిన ముస్లింని ద్రోహి అన్నది ఒక్క తెల్లదొరే.

మరి పరాయి దొర యుద్ధం కాకుండా, మన కౌము పేరు మీదే యుద్ధమంటే? దానికీ జవాబిచ్చినవాడున్నాడు. 1948లో మా తుంగభద్ర ఈ ఒడ్డు భారతదేశం, ఆ ఒడ్డు నిజాం రాజ్యం. రజాకార్లు ఊళ్ళు తగలబెడుతూ ఆ పని ఇస్లాం పేరు మీద చేస్తుంటే, హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ అది తప్పని రాశాడు. ఆగస్టు 21 రాత్రి అతని మీద దాడి చేసి, రాసే చేతిని నరికి చంపారు. ఉర్దూలో రాసే ప్రతివాడూ ఆ చేతికి రుణపడి ఉన్నాడు.

మూడు వారాల తర్వాత, సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. అయిదు రోజుల్లో పని ముగిసింది. దానికి యుద్ధం అన్న పేరు పెట్టలేదు, పోలీసు చర్య అన్నారు. నిజాం రాజ్యం పోవాలన్నది న్యాయం. నేనూ ఆ మాటే అంటాను. కానీ ఆ న్యాయం తర్వాత జరిగిన ప్రతి పనినీ కప్పదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ఊరూరా తిరిగి, ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఎక్కువ ఘోరం ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో జరిగింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. మొదలుపెట్టడం న్యాయమా అన్నది ఒక ప్రశ్న. ఎలా చేశారు, ఎవరిని చంపారు అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి అవునన్నవాళ్ళు కూడా రెండోది అడిగి తీరాలి. షోయబుల్లాఖాన్‌ను తలుచుకునేవాళ్ళు సుందర్‌లాల్ నివేదికనూ చదవాలి. ఆ నివేదిక చూపించి ఏడ్చేవాళ్ళు షోయబుల్లాఖాన్‌ను మరవకూడదు.

లౌకికవాద మిత్రులకు నాదొక మనవి. యుద్ధం వద్దని మీరు సభ పెట్టినప్పుడు వేదిక మీద ముస్లిం లేకపోతే, ఎందుకు రాలేదని ఆలోచించండి. భయపడి రాలేదు. మీ మాటకు చప్పట్లు కొట్టేవాళ్ళే అతని మాటకు పాకిస్తాన్ పొమ్మంటారని అతనికి తెలుసు. నా కౌము వాళ్ళకూ ఒక మనవి. ఉస్మాన్, హమీద్‌ల పేర్లు మన పిల్లలకు చెబుదాం. వాళ్ళతో పాటు పాదుషాకి ఎదురు జవాబు చెప్పి కుర్చీ దిగిపోయిన ఆ ఖాజీ పేరు కూడా చెబుదాం. దేశం కోసం చావడానికి సిద్ధమని ఎన్నిసార్లు రుజువు చేసుకున్నా మనం సగం పౌరులమే. ఈ చావు దేనికోసం అని నిలబడి అడగగలిగిన రోజు పూర్తి పౌరులమవుతాం.