పోలీసు శాఖలో సివిలియన్ ఉద్యోగి తప్పు చేస్తే? ఇంగ్లండ్, వేల్స్‌లో నిబంధనలు ఇవీ

పోలీస్ కంట్రోల్ రూమ్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు, స్టేషన్ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లు, వీధుల్లో గస్తీ తిరిగే పీసీఎస్‌వోలు... ఇంగ్లండ్, వేల్స్‌లో వీళ్లలో ఎక్కువమంది 'పోలీస్ స్టాఫ్'. కానిస్టేబుల్‌గా ప్రమాణం చేసినవాళ్లు కాదు, ఉద్యోగ ఒప్పందం మీద పనిచేసే సివిలియన్లు. 2002 పోలీస్ రిఫార్మ్ చట్టంతో వచ్చిన పీసీఎస్‌వోలకు యూనిఫాం ఉంటుంది. కొన్ని సందర్భాల్లో కానిస్టేబుల్ వచ్చేదాకా మనిషిని 30 నిమిషాల వరకు ఆపే అధికారం కూడా ఉండొచ్చు.

'వాళ్లు పోలీసులే కాదు కదా, ఎవరికి చెప్పుకోవాలి?' అని చాలామంది ఊరుకుంటారు. ఇది పొరపాటు. అధికారి మీద ఫిర్యాదు ఏ దారిలో వెళ్తుందో, సిబ్బంది మీద ఫిర్యాదు కూడా అదే దారిలో వెళ్తుంది. తేడా వచ్చేది శిక్ష దగ్గర. అధికారులకు 2020 నాటి పోలీస్ కండక్ట్ రెగ్యులేషన్స్ వర్తిస్తాయి, వాళ్ల మీద జరిగే తీవ్ర క్రమశిక్షణ విచారణలు మామూలుగా బహిరంగంగానే సాగుతాయి. సిబ్బంది విషయం అలా కాదు: ఆ పోలీసు దళం సొంత క్రమశిక్షణ విధానం, మామూలు ఉద్యోగ చట్టం. విచారణ తలుపులు మూసి జరుగుతుంది. హెచ్చరిక, తుది హెచ్చరిక, ఆపైన తొలగింపు. అన్యాయంగా తీసేశారనుకుంటే ఉద్యోగి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అధికారులకు మామూలుగా ఈ దారి లేదు.

కుటుంబాలకు అసలు భయం రికార్డుల దగ్గరే. ఇంట్లో గొడవై ఫిర్యాదు చేసిన ఆడమనిషి కొత్త అడ్రసు, బంధువో తెలిసినవాడో అడిగాడని కంప్యూటర్‌లో చూసి చెప్పేస్తే? డ్యూటీ పని లేకుండా రికార్డు తెరవడం క్రమశిక్షణ తప్పే కాదు, 1990 కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం, 2018 డేటా ప్రొటెక్షన్ చట్టం కింద నేరం కూడా కావచ్చు. ఎవరు ఎప్పుడు తెరిచారన్నది సిస్టమ్‌లో నమోదవుతుంది కాబట్టి, అనుమానం ఉంటే ఫిర్యాదులో ఆ సంగతి, తేదీలతో సహా, స్పష్టంగా రాయాలి.

పోలీసులతో సంబంధమున్న మరణం, తీవ్ర గాయం, తీవ్ర అవినీతి, తీవ్ర లైంగిక నేరం లాంటివైతే దళం తనంతట తాను ముగించడానికి వీల్లేదు. 2018 జనవరి 8న ఏర్పడిన స్వతంత్ర సంస్థ ఐఓపీసీకి పంపి తీరాలి. తొలగింపుకు గురైన సిబ్బంది పేరు బార్డ్ లిస్ట్‌లోకి వెళ్తుంది, మరో దళం ఉద్యోగం ఇవ్వకూడదు. 2017 చివర్లో వచ్చిన ఈ జాబితాకు ముందు ఒకచోట పోయినవాళ్లు ఇంకోచోట చేరడం తేలికగా ఉండేది.

ఫిర్యాదును చట్టప్రకారం రికార్డు చేయమని అడగొచ్చు, అడిగితే చేయాల్సిందే. నోటిమాటతో సర్దుబాటు చేసుకుంటే రివ్యూ హక్కు దొరకదు. రికార్డయిన ఫిర్యాదుపై నిర్ణయం నచ్చకపోతే 28 రోజుల్లో రివ్యూ కోరాలి. ఎవరికి పంపాలో నిర్ణయం తెలిపే ఉత్తరంలోనే ఉంటుంది.